బౌద్ధ గురువుకి అన్నం పెట్టేదెవరు?

మామయ్య పోయి రెండేళ్లు. తద్దినం ఊళ్లో పెద్దబావ పెట్టేశాడు. బెంగళూరులో ఉండే చిన్నబావ మాత్రం "ఇక్కడ నా తరఫున భిక్షువులకి ఒకపూట భోజనం పెడతాను" అన్నాడు. ఆర్నెల్ల కిందట పదిరోజుల విపశ్యన కోర్సుకి వెళ్లొచ్చాడు, అప్పట్నుంచీ ఈ వరస. ఆదివారం పొద్దున్న కె.ఆర్. పురంలో కారెక్కేసరికి తొమ్మిదిన్నర అయింది. ఒళ్లో రెండు, కాళ్ల దగ్గర రెండు క్యారియర్లు. పన్నెండు దాటితే భిక్షువులు ముద్ద ముట్టరు. మేం వెళ్లాల్సింది మెజెస్టిక్ పక్కన గాంధీనగర్‌లో ఉన్న మహాబోధి సొసైటీకి. టిన్ ఫ్యాక్టరీ దగ్గరే బండ్లన్నీ ఆగిపోయాయి.

టెన్షన్ తగ్గించుకోవడానికో ఏమో, అత్తయ్య ప్రశ్నలు మొదలెట్టింది.

"భిక్షువులంటే ఆ ఎర్రబట్టల టిబెట్ వాళ్లేనా?"

"కాదమ్మా, వీళ్లు వేరే."

"మరి నీకు ధ్యానం నేర్పిన గోయెంకా గారు?"

"ఆయన భిక్షువే కాదు. వ్యాపారం చేసుకునే మనిషి."

"మీ ఆఫీసులో బుధవారం బుధవారం కళ్లు మూసుకోమంటుందే, ఆ అమ్మాయి?"

"ఆమె హెచ్ఆర్ పిలిపించిన ట్రైనర్."

"కింద ఫ్లోర్‌లో లెక్చరర్ గారు అంబేడ్కర్ ఫొటో, బుద్ధుడి ఫొటో పక్కపక్కన పెట్టుకుంటారు కదా?"

"అసలు బౌద్ధులంటే వాళ్లేనమ్మా. కాగితాల మీద కూడా."

"అయితే వీళ్లలో గురువెవర్రా?"

బావ హారన్ కొట్టాడు. జవాబు తెలియక కాదు, ఒక్క మాటలో చెప్పేది కాదు కాబట్టి.

అత్తయ్య అనే కాదు, వార్తలు చూసే ఎవరికైనా ఈ తికమక వస్తుంది. 2025 జూలైలో దలైలామా తన తర్వాత కూడా ఆ పీఠం కొనసాగుతుందని ప్రకటించారు. అదే ఏడాది బోధ్‌గయ ఆలయ నిర్వహణను బౌద్ధులకే అప్పగించాలని, 1949 నాటి చట్టాన్ని రద్దు చేయాలని కొందరు భిక్షువులు నిరాహార దీక్షకి కూర్చున్నారు. ఇద్దరినీ మనం "బౌద్ధ గురువులు" అనే ఒకే మాటతో సరిపెట్టేస్తాం. వాళ్ల చదువులు వేరు, నియమాలు వేరు, చివరికి భోజన వేళలు కూడా వేరు. వీళ్లని విడదీసి చూడటానికి నాకు పనికొచ్చినవి రెండు ప్రశ్నలు. ఈయనకి బోధించే అధికారం ఎవరిచ్చారు? ఈయనకి రేపటి అన్నం ఎవరు పెడతారు? రెండోది కాస్త మోటుగా వినిపించొచ్చు గానీ, ఎక్కువ సంగతులు దానివల్లే తెలుస్తాయి.

భిక్షువు వేరు, గురువు వేరు

పాళీలో భిక్ఖు అంటే అడిగి తినేవాడు. అది జీవన విధానం పేరు, ఉద్యోగం పేరు కాదు. థేరవాదంలో, అంటే శ్రీలంక, బర్మా, థాయ్‌లాండ్‌లలో నిలిచిన పాత సంప్రదాయంలో, ఉపసంపద, అంటే పూర్తి దీక్ష తీసుకున్న భిక్షువు 227 నియమాలు పాటించాలి. మొదటి ఐదేళ్లయినా ఒక గురువు నీడన ఉండాలి. పదేళ్లు నిండితే థేరుడు, అప్పుడుగానీ శిష్యుల్ని చేర్చుకోకూడదు. ఇరవై నిండితే మహాథేరుడు. ఈ ఏళ్లని వయసుతో కాదు, గడిపిన వర్షావాసాలతో, అంటే వానాకాలం ఒకేచోట ఉండిపోయే నియమంతో లెక్కపెడతారు. మన గవర్నమెంటు సర్వీసు సీనియారిటీ కంటే కచ్చితంగా ఉంటుంది ఈ లెక్క.

కాబట్టి భిక్షువులందరూ గురువులు కారు. చాలామంది జీవితాంతం విహారం ఊడ్చుకుంటూ, సూత్రాలు వల్లిస్తూ గడిపేస్తారు. అటువైపు గురువులందరూ భిక్షువులూ కారు. థాయ్‌లో వినబడే "అజాన్" మన ఆచార్య శబ్దమే. బర్మాలో పెద్ద భిక్షువుని "సయాదో" అంటారు. టిబెటన్‌లో "లామా" అంటే గురువు, కాబట్టి ఎర్రబట్ట కట్టిన ప్రతివాడూ లామా కాడు. "రింపోచే" అంటే అమూల్యమైనవాడు. పునర్జన్మ ఎత్తి వచ్చాడని గుర్తించిన లామాలని, అంటే తుల్కులని, ఇంకొందరు పెద్దల్ని అలా పిలుస్తారు. పెళ్లి చేసుకుని పిల్లలున్న రింపోచేలూ ఉన్నారు.

చేతికి అందిస్తేనే ముద్ద

పదకొండుకి పది నిమిషాల ముందు చేరాం. లెక్చరర్ గారిని కూడా బావ పిలిచాడు. ఆయన మెట్రో ఎక్కి మాకన్నా అరగంట ముందే వచ్చి బోధివృక్షం దగ్గర కూర్చున్నారు. పిలిచినప్పుడే తేల్చి చెప్పారట, "తద్దినమైతే రాను, భోజనమైతే వస్తాను" అని.

బావ హడావుడిగా గిన్నెలు బల్ల మీద సర్దేసి, వడ్డించుకోండన్నట్టు పక్కకి జరిగాడు. భిక్షువులు కదల్లేదు. ఒకాయన నవ్వుతూ అలాగే కూర్చున్నారు. అక్కడ పనిచేసే పెద్దాయన వచ్చి బావ చెవిలో చెప్పాడు: గిన్నె రెండు చేతులా ఎత్తి వాళ్ల చేతికి అందించాలి. ఇవ్వనిది వాళ్లు తీసుకోకూడదు. పప్పు, పులిహోర, గోంగూర పచ్చడి, పెరుగు, ఒక్కొక్కటీ అందించాక గానీ భోజనం మొదలవలేదు.

ఈ నియమాల వెనక ఒక ఏర్పాటు ఉంది. భిక్షువు వండుకోకూడదు. ఇవాళ్టిది రేపటికి దాచుకోకూడదు. డబ్బు ముట్టకూడదు. మధ్యాహ్నం దాటాక తినకూడదు. అన్నీ కలిపి చూస్తే అర్థమయ్యేది ఏమిటంటే, ఎంత గొప్ప ధ్యాని అయినా ఊరికి దూరంగా ఒంటరిగా బతకడం కుదరదు. రోజుకి ఒకసారైనా గృహస్థు ముందు పాత్ర పట్టుకోవాలి. ఆ గృహస్థు అతని నడవడి చూస్తూనే ఉంటాడు.

ఈ విహారం పెట్టిన ఆచార్య బుద్ధరక్ఖిత 1922లో ఇంఫాల్‌లో పుట్టారు. రంగూన్‌లో 1954-56 మధ్య జరిగిన ఆరో బౌద్ధ సంగీతిలో, అంటే భిక్షువుల మహాసభలో, పాళీ గ్రంథాల పరిష్కరణలో పాలుపంచుకుని, 1956లో బెంగళూరులో సొసైటీ స్థాపించారు. ధమ్మపదాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు, ప్రపంచమంతా చదివే అనువాదాల్లో అదొకటి. ఇంకోవైపు విక్టోరియా ఆసుపత్రిలో కాలినగాయాల కేంద్రానికి మహాబోధి పేరే ఉంది. ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చిన పేదపిల్లలు ఇక్కడ ఉండి చదువుకుంటారు. ఒక్క మనిషిలో భిక్షువు, అనువాదకుడు, ఆసుపత్రి వ్యవహారాలు చూసే పెద్దమనిషి ముగ్గురూ ఉన్నారన్నమాట. 2013 సెప్టెంబరులో పోయారు. అదే నెలలో గోయెంకా కూడా పోయారు.

రైతు, అకౌంటెంట్ జనరల్, వ్యాపారి

గోయెంకాది ఇంకో దారి. బర్మాలో లెడీ సయాదో అనే పండిత భిక్షువు ఉండేవారు, 1923లో మరణించారు. ధ్యానం భిక్షువులకే పరిమితం కాకూడదని ఆయన గట్టిగా నమ్మారు. ఆయన దగ్గర నేర్చుకున్న సయా తెట్‌జీ ఒక రైతు. ఆ రైతు దగ్గర నేర్చుకున్న ఊ బా ఖిన్, స్వతంత్ర బర్మాకి మొదటి అకౌంటెంట్ జనరల్. పద్దులు చూసే తన ఆఫీసులోనే ఉద్యోగులకి ధ్యానం నేర్పిన మనిషి. ఆయన దగ్గరికి 1955లో, మైగ్రేన్ భరించలేక, మాండలేలో పుట్టిన మార్వాడీ వ్యాపారి సత్యనారాయణ్ గోయెంకా వచ్చారు. పద్నాలుగేళ్లు నేర్చుకుని 1969లో ఇండియాకి వచ్చి మొదటి కోర్సు నడిపారు. నలుగురిలో కాషాయం కట్టింది మొదటాయన ఒక్కరే.

అధికారం ఇక్కడ గురువు నుంచి శిష్యుడికి అందుతుంది, దీక్ష నుంచి కాదు. మరి అన్నం? గోయెంకా తన సంపాదన మీద బతికారు. కోర్సులకి ఫీజు లేదు. కనీసం ఒక కోర్సు పూర్తిచేసినవాళ్ల దగ్గరే విరాళం తీసుకుంటారు, నడిపే సహాయక ఆచార్యులకి జీతం లేదు. 1976లోనే హైదరాబాదులో నాగార్జునసాగర్ రోడ్డు మీద ధమ్మఖేత్త మొదలైంది. బెంగళూరుకి తుమకూరు రోడ్డు వైపు ధమ్మ పఫుల్ల, చెన్నైకి తిరుముడివాక్కంలో ధమ్మ సేతు ఉన్నాయి. ఏ కేంద్రంలోనైనా పొద్దున్న నాలుగింటికి గంట, మౌనం, సాయంత్రం ప్రవచనం. ఆయన పోయినా ప్రవచనం ఆయన గొంతులోనే, రికార్డింగులో వినిపిస్తారు.

ఇది మతమా కాదా అన్నదగ్గరే గొడవ. గోయెంకా జీవితాంతం "బౌద్ధం" అన్న మాటకి బదులు "ధమ్మం" అనే వాడారు, ఎవరైనా తమ మతంలో ఉండే చేయొచ్చన్నారు. కాదనేవాళ్లు, కర్మ, పునర్జన్మ మాటలు ప్రవచనాల్లో ఉండగా మతం కాదనడం ఎలా కుదురుతుందంటారు. కొందరు భిక్షువులకి ఇంకో అభ్యంతరం ఉంది: బుద్ధుడు చెప్పిన అనేక పద్ధతుల్లో ఇదొకటి మాత్రమే, ఇదే అసలైనదని చెప్పడం ఎక్కువని. నా మట్టుకు మొదటి అభ్యంతరంలో బలం ఉందనిపిస్తుంది. అయితే బావలాంటి వేలమంది గుమ్మం దాటగలిగింది ఆ "మతం కాదు" అన్న మాట వల్లే అన్నదీ నిజమే.

ఇరవై ఏళ్ల చదువు, ఒక రాత్రి ప్రయాణం

అత్తయ్య చెప్పిన ఎర్రబట్టల వాళ్లని చూడాలంటే మైసూరు దాటి బైలకుప్పె వెళ్లాలి. 1959 తర్వాత వచ్చిన టిబెటన్లకి అప్పటి మైసూరు రాష్ట్రం ఇచ్చిన భూమి అది. పెనోర్ రింపోచే 1963లో అక్కడ నామ్‌డ్రోలింగ్ మఠం మొదలెట్టారు, టూరిస్టు బస్సుల భాషలో గోల్డెన్ టెంపుల్. దగ్గర్లోనే సెరా మఠం ఉంది. అక్కడ సాయంత్రం వాదనలు చూడదగ్గవి. ఒకడు నేల మీద కూర్చుంటాడు, రెండోవాడు నిలబడి ప్రశ్న వేస్తూ ఎడమకాలు నేలకి తన్ని, రెండు చేతులూ ఫెళ్లున చరుస్తాడు. కొట్టుకుంటున్నారేమో అనిపిస్తుంది. వాదించుకునే విషయాల్లో నాగార్జునుడి శూన్యత ఒకటి. నాగార్జునకొండ పేరు చెప్పుకుని మనవాడంటామే, ఆయన కారికలని (శ్లోకాలని) కంఠస్థం చేసి వాదించే కుర్రాళ్లు బెంగళూరుకి నాలుగైదు గంటల దూరంలో ఉన్నారు. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర దీక్షోత్సవం జరిపినప్పుడు గుంటూరు దారులన్నీ ఎరుపెక్కింది ఇలాంటివాళ్లతోనే.

ఇక్కడ అధికారానికి రెండు తలుపులు. ఒకటి చదువు: సుమారు ఇరవై ఏళ్లు చదివి పరీక్షలు నెగ్గితే గెషె పట్టం, మన డాక్టరేట్ లాంటిది. రెండోది పుట్టుక: తుల్కుగా గుర్తింపు. ఆ గుర్తింపు ఎవరిదన్నదే 2025 జూలైలో మళ్లీ పైకొచ్చింది. తన తర్వాతి అవతారాన్ని గుర్తించే అధికారం తన సంస్థ గాదెన్ ఫోడ్రాంగ్ ట్రస్టుకే ఉందని దలైలామా అంటే, తమ ఆమోదం తప్పనిసరని చైనా అంటోంది. అన్నం సంగతికొస్తే, తొలి దశాబ్దాల్లో సన్యాసులే పొలాల్లో పనిచేశారు. ఇప్పుడు దేశవిదేశాల దాతలు, మఠం వంటశాల. ఒక్కొక్కరూ పాత్ర పట్టుకుని వీధికి వెళ్లరు.

మింగ్యూర్ రింపోచే కథ ఆసక్తిగా ఉండేది ఇందుకే. 1975లో నేపాల్‌లో పుట్టారు. చిన్నప్పుడు పానిక్ అటాక్‌లతో బాధపడ్డారు. తర్వాత దేశదేశాల్లో శిష్యులు, అమ్ముడుపోయే పుస్తకాలు, బోధ్‌గయలో మఠం. 2011లో ఒక రాత్రి ఉత్తరం రాసిపెట్టి, ఎవరికీ చెప్పకుండా గేటు దాటి వెళ్లిపోయారు. మొదట్లో చౌక గదుల్లో ఉన్నారు. కుశీనగర్‌లో చేతిలో డబ్బు అయిపోయింది. అంతకుముందు డబ్బిచ్చి తిన్న హోటలు ముందే చెయ్యి చాపాల్సి వచ్చింది. మిగిలిపోయిన అన్నం పెట్టారు. అది పడక చావు అంచుదాకా వెళ్లారు. పరిచయమైన ఒకాయన ఆసుపత్రిలో చేర్పిస్తే బతికారు. నాలుగేళ్లు దాటాక 2015లో తిరిగొచ్చారు. పుట్టుకతో రింపోచే అయిన మనిషికి భిక్షువు అన్న మాటకి నిఘంటువు అర్థం ముప్పై ఆరో ఏట తెలిసింది.

జీతం మీద బతికే బోధకులు

లెక్చరర్ గారి దారి 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో మొదలైంది. ఆ రోజు డాక్టర్ అంబేడ్కర్ కుశీనగర్ నుంచి వచ్చిన చంద్రమణి మహాథేరుడి దగ్గర త్రిశరణాలు, పంచశీలాలు తీసుకున్నారు. ఆ వెంటనే తానే లక్షలమందికి దీక్ష ఇచ్చి, 22 ప్రతిజ్ఞలు చేయించారు. సంప్రదాయంలో శరణాలు చెప్పించేది భిక్షువు. ఇక్కడ సూటు వేసుకున్న గృహస్థు చెప్పించారు. తన పుస్తకం ముందుమాటలో ఆయన అడిగిన ప్రశ్న ఇంకా పదునైనది: భిక్షువు ఎందుకున్నాడు, తాను పరిపూర్ణుడు కావడానికా, సమాజానికి సేవ చేయడానికా?

దాని ఫలితమే ఇవాళ మనం చూసేది. ఈ దారిలో ధమ్మం బోధించేవాళ్లలో బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, రిటైరైన ఇంజనీర్లు, పాటలు కట్టి పాడేవాళ్లు ఉన్నారు. మా లెక్చరర్ గారు వారమంతా కాలేజీలో పాఠం చెప్పి, ఆదివారం కాలనీ పిల్లలకి బుద్ధుడి గురించి చెబుతారు. ఆయన అన్నం ఆయన జీతంలోంచే. అందుకని దాతలకి నచ్చేట్టు మాట్లాడాల్సిన అగత్యం లేదు. కులం గురించి సూటిగా మాట్లాడగలరు.

దక్షిణాదిలో ఇది అంబేడ్కర్‌తోనే మొదలు కాలేదు. చెన్నైలో సిద్ధవైద్యుడు అయోతీదాస పండితర్ 1898లో శాక్య బౌద్ధ సంఘం పెట్టారు. కోలారు బంగారు గనుల కూలీల దాకా అది పాకింది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పిన పొకల లక్ష్మీనరసు 1907లో బౌద్ధం మీద ఇంగ్లీషులో రాసిన పుస్తకానికి, 1948 ముద్రణలో అంబేడ్కరే పీఠిక రాశారు. వైద్యుడు, ఫిజిక్స్ మాస్టారు. వీళ్లిద్దరికీ కూడా ధర్మం జీవనోపాధి కాదు.

విపశ్యనకీ ఈ దారికీ మధ్య మాటలు నడుస్తూనే ఉంటాయి. కళ్లు మూసుకుని శ్వాస చూసుకుంటే వీధిలో అవమానం పోతుందా అని కొందరు అంబేడ్కరిస్టులు అడుగుతారు. కోపంతో నిద్రపట్టని మనిషి ఉద్యమం ఎన్నాళ్లు చేస్తాడని, కోర్సులు చేసిన అంబేడ్కరిస్టులే జవాబిస్తారు. లెక్చరర్ గారు రెండు కోర్సులు చేశారు. "మోకాలు నొప్పి పోలేదు గానీ, కాలేజీ మీటింగుల్లో అరవడం తగ్గింది" అన్నారు.

స్త్రీకి ఆ అనుమతి ఎవరివ్వాలి?

అధికారం ఎవరిస్తారన్న ప్రశ్న అందరికంటే ఎక్కువ ఇరకాటంలో పెట్టింది స్త్రీలని. థేరవాద నియమం ప్రకారం భిక్షుణి దీక్షకి భిక్షు సంఘం, భిక్షుణి సంఘం రెండూ ఉండాలి. శ్రీలంకలో 11వ శతాబ్దం ప్రాంతంలో, చోళుల దండయాత్రల తర్వాత, భిక్షుణి సంఘం అంతరించింది. ఇచ్చేవాళ్లే లేనప్పుడు తీసుకోవడం ఎలా? దీపం ఆరిపోయింది, మళ్లీ వెలిగించే అగ్గి లేదు అన్నది సంప్రదాయవాదుల మాట. అగ్గి ఉంది, ఐదో శతాబ్దంలో శ్రీలంక నుంచి చైనా వెళ్లిన భిక్షుణుల పరంపర ఇంకా బతికే ఉంది కదా అన్నది రెండోవాళ్ల మాట. ఈ రెండో వాదంతోనే 1990ల చివర సారనాథ్, బోధ్‌గయల్లో దీక్షలు జరిగాయి.

థాయ్‌లాండ్‌కి చెందిన ధమ్మనందా పెళ్లయి ముగ్గురు కొడుకులున్న యూనివర్సిటీ ప్రొఫెసర్, టీవీలో కనిపించే మనిషి. 2003లో శ్రీలంక వెళ్లి భిక్షుణి అయ్యారు. థాయ్ భిక్షు సంఘం గుర్తించలేదు. పొద్దున్నే ఆమె పాత్ర పట్టుకుని వీధిలోకి వస్తే ఇళ్లవాళ్లు అన్నం వేస్తారు. సంఘం కాదన్నా వీధి ఔనన్నట్టు. కేంబ్రిడ్జిలో ఫిజిక్స్ చదివి థాయ్ అడవి సంప్రదాయంలో భిక్షువైన అజాన్ బ్రహ్మ్ 2009లో ఆస్ట్రేలియాలో నలుగురు స్త్రీల దీక్షకి సాయపడితే, ఆయన మాతృమఠం ఆయన్ని వెలివేసింది.

టిబెటన్ల వైపు దారి చదువు గుండా తెరుచుకుంది. 2016 డిసెంబరులో కర్ణాటకలోని ముండగోడులో ఇరవైమంది సన్యాసినులు మొదటిసారి గెషెమా పట్టం, అంటే స్త్రీలకిచ్చే గెషె పట్టం అందుకున్నారు. హిమాలయాల్లోని లాహౌల్‌లో ఒక గుహలో 12 ఏళ్లు గడిపిన లండన్ మనిషి తెన్‌జిన్ పాల్మో, ఇప్పుడు హిమాచల్‌లో సన్యాసినుల మఠం నడుపుతున్నారు. గుహ గురించే అందరూ అడుగుతారు. ఆ మఠం కట్టడానికి విరాళాల కోసం ఏళ్ల తరబడి దేశాలు తిరిగారు, అది మాత్రం ఎవరికీ కథలా అనిపించదు.

రాసేవాళ్లు

పుస్తకాల షాపులో "బుద్ధిజం" అరలో దొరికేవాళ్ల జీవితాలు ఒకదానికొకటి పొంతన ఉండవు. భిక్ఖు బోధి న్యూయార్క్ బ్రూక్లిన్‌లో యూదు కుటుంబంలో పుట్టారు. ఫిలాసఫీలో డాక్టరేట్ చేసి, 1972లో శ్రీలంక వెళ్లి భిక్షువయ్యారు. బుద్ధుడి ప్రవచనాలని పాళీ నుంచి ఇంగ్లీషులోకి తెచ్చిన ఆయన అనువాదాలే ఇవాళ ప్రమాణం. దశాబ్దాలుగా తగ్గని తలనొప్పితో ఆ పని చేశారు. గోయెంకాకి ధ్యానంతో తలనొప్పి తగ్గింది, బోధికి తగ్గలేదు. ధ్యానం మందు కాదనడానికి నేను ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చెబుతుంటాను.

కాలిఫోర్నియాలో ఉండే థానిస్సరో భిక్ఖు తన మఠం నుంచి వచ్చే పుస్తకాలన్నీ ఉచితంగా పంచుతారు. ధర్మాన్ని అమ్మకూడదన్నది ఆయన పట్టుదల. వియత్నాం యుద్ధకాలంలో శాంతి కోసం మాట్లాడి దేశానికి దూరమైన థిచ్ నాట్ హాన్, 1982లో ఫ్రాన్స్‌లో ప్లమ్ విలేజ్ పెట్టి, పుస్తకాలు లక్షల్లో అమ్ముడైనా ఆశ్రమంలోనే బతికారు. 2022లో పోయారు. పెమా చోడ్రన్ స్కూల్ టీచరు, ఇద్దరు పిల్లల తల్లి. రెండో పెళ్లి విరిగిపోయాక బౌద్ధంలోకి వచ్చి సన్యాసిని అయ్యారు. స్టీఫెన్ బాచెలర్ వెనక్కి నడిచారు. పదేళ్లు సన్యాసిగా ఉండి వస్త్రాలు వదిలేసి, సన్యాసినిగా ఉండి వచ్చిన మార్టిన్‌ని పెళ్లి చేసుకుని, పునర్జన్మని నమ్మకుండా కూడా బౌద్ధుడిగా ఉండొచ్చని రాస్తున్నారు. పునర్జన్మ తీసేస్తే మిగిలేది బుద్ధుడి దారి కాదన్నది భిక్ఖు బోధి లాంటివాళ్ల పక్షం. వింతేమిటంటే ఈ విషయంలో బాచెలర్‌కి దగ్గరగా వచ్చేది అంబేడ్కరే. అనువాదకుడు, సన్యాసం వదిలిన గృహస్థు, రాజ్యాంగ రచయిత, ముగ్గురూ ఒకే పాళీ వాక్యాన్ని పట్టుకుని వాదించుకోవచ్చు.

బుధవారం ట్రైనర్

1979లో జాన్ కబాట్-జిన్ అనే జీవశాస్త్రవేత్త అమెరికాలోని మసాచుసెట్స్ మెడికల్ స్కూల్లో, నొప్పులు తగ్గని రోగులకి కొన్ని వారాల కోర్సు పెట్టారు. ఆయన బౌద్ధ గురువుల దగ్గర నేర్చుకున్నదే, మతం మాటలు తీసేసి ఆసుపత్రి భాషలో పెట్టారు. మైండ్‌ఫుల్‌నెస్ అనే పేరుతో ఆఫీసుల్లోకి, ఫోన్లలోకి వచ్చింది ఆ దారినే.

అన్నం ప్రశ్న ఇక్కడ బాగా పనికొస్తుంది. లెక్క కోసం అనుకుందాం: పదిరోజుల కోర్సులో ఒక మనిషి భోజనం, బస 6,000 రూపాయలు. బావ ఖర్చు అంతకుముందు చేసినవాళ్లు ఇచ్చిపోయారు, బావ ఇచ్చింది తర్వాత వచ్చేవాడికి. బోధకుడికి అందులో వాటా లేదు. నాలుగోరోజు కాళ్లు లాగి ప్రాణం మీదికొచ్చినా కోర్సుని తేలిక చేయాల్సిన పని ఆయనకి లేదు. అదే నెలకి 300 రూపాయల యాప్ అనుకోండి, కష్టమనిపిస్తే మీరు వచ్చేనెల కట్టరు. కాబట్టి అది హాయిగా, పది నిమిషాల్లో అయిపోవాలి. ఆఫీసు ట్రైనర్‌కి డబ్బిచ్చేది కంపెనీ. ఒత్తిడి ఎలా తట్టుకోవాలో ఆమె చెబుతుంది. రాత్రి పదకొండుకి కాల్ ఎందుకు పెడుతున్నారని అడగడం ఆమె పని కాదు. శ్వాస ఒక్కటే, దాన్ని గమనించే తీరూ ఇంచుమించు ఒక్కటే. చుట్టూ మిగిలిన బోధ మారిపోతుంది. అయినా అది మోసం కాదు. ఆమె తాను బౌద్ధ గురువునని ఎప్పుడూ అనలేదు, మనమే అనుకున్నాం. భయంతో నిద్రపట్టని కుర్రాడికి ఆ పది నిమిషాలు పనికొస్తే కాదనడానికి మనమెవరం.

పాత్ర బోర్లించడం

గురువు తప్పు చేస్తే? భిక్షువుల నియమాల గ్రంథం వినయపిటకంలో కోసంబి అనే ఊరి కథ ఉంది. అక్కడి భిక్షువులు చిన్న విషయానికి రెండు వర్గాలై కొట్టుకుంటుంటే బుద్ధుడు చెప్పిచూసి, వినకపోతే విసిగి అడవికి వెళ్లిపోయాడు. భిక్షువులు దిగిరాలేదు. అప్పుడు ఊళ్లో ఆడా మగా కలిసి వాళ్లకి నమస్కారం, అన్నం రెండూ మానేశారు. ఆకలి వేశాక రాజీ కుదిరింది. ఇది రెండువైపులా తిరిగే కత్తి. తప్పు చేసిన గృహస్థు దగ్గర భిక్ష తీసుకోకుండా సంఘం "పాత్ర బోర్లించవచ్చు". 2007లో బర్మా భిక్షువులు సైనిక పాలకుల భిక్ష నిరాకరించి, పాత్రలు తలకిందులుగా పట్టుకుని వీధుల్లో నడిచింది ఈ నియమం ప్రకారమే.

మఠానికి దాతలు ఖండాంతరాల్లో ఉన్నప్పుడు, గురువుని ప్రశ్నించడమే పాపమన్నప్పుడు ఈ కత్తి పనిచేయదు. టిబెటన్ గురువు సోగ్యాల్ రింపోచే కొట్టారని, లైంగికంగా వాడుకున్నారని 2017లో ఎనిమిదిమంది పాతశిష్యులు ఉత్తరం రాసేదాకా దశాబ్దాలు పట్టింది. ఆ తర్వాతే ఆయన పదవి వదిలారు. పెమా చోడ్రన్ తన సంస్థ నాయకుడి మీద వచ్చిన ఆరోపణలని నడిపిన తీరు నచ్చక 2020లో ఆచార్య పదవి వదులుకున్నారు. అన్ని బిరుదులున్న మనిషికి మిగిలిన మార్గం కూడా నిరాకరణే.

భోజనాలయ్యాక భిక్షువులు పాళీలో ఆశీర్వచనం చదువుతుంటే, చెంబుతో గిన్నెలోకి సన్నగా నీళ్లు పోయాలన్నారు, గిన్నె నిండి పొర్లేదాకా. చేసిన పుణ్యం పోయినవాళ్లకి చేరాలని. అత్తయ్య ముఖం తేటపడింది. ఆమెకి అది తర్పణమే. బావ చెంబు పట్టుకున్నాడు, ఆమె బావ మోచెయ్యి పట్టుకుంది, నేను ఆమె భుజం. లెక్చరర్ గారు పంచశీలాలు అందరికన్నా గట్టిగా చెప్పారు గానీ, నీళ్ల దగ్గరికి రాలేదు. శ్రాద్ధం పెట్టను, పిండం పెట్టను అన్నది 22 ప్రతిజ్ఞల్లో ఒకటి. రెండు చేతులూ వెనక కట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డారు. భిక్షువు ఆయన్నీ చూశారు, మమ్మల్నీ చూశారు, చదవడం ఆపలేదు.

టైము పన్నెండుకి ఎనిమిది నిమిషాలు. అత్తయ్య మిగిలిన పులిహోర లెక్చరర్ గారికి బాక్సులో సర్దింది. ఆయన రెండు చేతులూ చాపి తీసుకున్నారు.